మన ఊళ్ళో రోజూ కనపడేదాన్నే ఫొటో తీసి, దాని వెనకున్న సంగతి రాసి పెట్టుకోవడం ఎట్టా

మా అవ్వ ట్రంకు పెట్టెలో ఒక నలుపు తెలుపు ఫొటో ఉంది. ముగ్గురు మగాళ్ళు, వెనకాల స్టూడియో పరదా. కుర్చీలో కూచున్నది మా తాత, ఎడమ పక్క నిలబడింది తాత తమ్ముడు, కుడిపక్క ఆయన ఎవరో మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఆయన చెయ్యి మా తాత భుజం మీద ఉంది, అంత చనువున్న మనిషి పేరు పోయింది. వెనక్కి తిప్పి చూస్తే స్టూడియో ముద్రలో నెల్లూరు అన్న మాట ఒక్కటే చదవడానికొస్తది. అవ్వ ఉన్నప్పుడు అడిగుంటే చెప్పేది, మేం అడగలా.

ఆ ఫొటో చూసినప్పటి నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నా. ఫొటో తీస్తే ఆ రాత్రికల్లా దాని సంగతి నాలుగు ముక్కలు రాయాల్సిందే, రాయలేకపోతే ఆ ఫొటో సగమే తీసినట్టు లెక్క. నాకు ఉద్యోగం వేరే ఉంది, ఆదివారం పొద్దున్నే ఫోన్ పట్టుకుని తిరగడం, పండగలప్పుడు సెలవు పెట్టుకుని ఒంగోలు దాకా పోయి రావడం, అంతవరకే. అట్టా తిరిగి నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా చెప్తా, కొత్తగా మొదలుపెట్టే వాళ్ళు ఇదే వరసలో చేసుకుంటా పోతే సరిపోద్ది.

1. ముందు చేతిలో ఉన్న ఫోన్‌ని సిద్ధం చేసుకోండి

కెమెరా కొనాలా అని అందరూ అడుగుతారు, ఇప్పుడే వద్దు, కనీసం ఆరు నెలలు ఫోన్‌తోనే తీయండి. ముందు లెన్స్ తుడవండి. మనది నెల్లూరు, ఒంగోలు వైపు సముద్రం గాలి తగిలే ప్రాంతం, మైపాడు వైపో కొత్తపట్నం వైపో పోయొస్తే అద్దం మీద సన్నగా ఉప్పు పొర పట్టుద్ది, దానికి చేతి జిడ్డు తోడైతే వెలుతురుకి ఎదురుగా తీసిన ప్రతి ఫొటో పాలు కలిపినట్టు మసగ్గా వస్తది, మనమేమో ఫోన్ పాడైందనుకుంటాం. ఉప్పు ఉన్నప్పుడు పొడి గుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతయి. కళ్ళజోడు తుడిచే గుడ్డ ఒక కొస మంచినీళ్ళతో కొంచెం తడిపి అద్దండి, తర్వాత పొడి కొసతో తుడవండి.

ఇక సెట్టింగ్స్‌లోకి పోయి గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోండి, సముద్రం గీత వంకరగా రాకుండా అదే కాపాడుద్ది. బ్యూటీ మోడ్ తీసేయండి. ఫ్లాష్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచండి. వాల్యూమ్ బటన్‌తో ఫొటో పడేటట్టు పెట్టుకుంటే ఫోన్ రెండు చేతుల్తో గట్టిగా పట్టుకోవచ్చు. రెండు వేళ్ళతో లాగి జూమ్ చేసే అలవాటు మానేయండి, లెన్స్ శక్తి దాటాక అది జూమ్ కాదు, ఉన్న ఫొటోని కత్తిరించి సాగదీయడమే. దగ్గరగా కావాలంటే నాలుగడుగులు ముందుకేయాలి.

ఆరు నెలల తర్వాత కూడా మనసు లాగుతుంటే సెకండ్ హ్యాండ్ కెమెరా, దానికి జూమ్ లేని 35 ఎంఎం లెన్స్ ఒకటి తీసుకోండి. మామూలు ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరాకి, అంటే లోపల వెలుతురు పట్టే పలక కొంచెం చిన్నగా ఉండే రకానికి తగిలిస్తే అది దాదాపు 50 ఎంఎం లాగా చూస్తది. ఫ్రాన్స్‌కి చెందిన ఫొటోగ్రాఫర్ కార్టియె బ్రెసాన్ లాంటి మహానుభావుడే ఎక్కువ భాగం ఒక్క 50 ఎంఎం లెన్స్‌తో తీశాడు, కాబట్టి లెన్సుల పిచ్చి పెట్టుకోబాకండి.

2. ఒక్క కిలోమీటరు చాలు

అందరం చేసే పొరపాటు ఏందంటే ఫొటోల కోసం యాడికో పోవాలనుకోవడం. మీ ఇంటి నుంచి కిలోమీటరు లోపల ఒక వీధి ఎంచుకోండి, నెల రోజులు అదే వీధి, వీలైతే అదే టైము. మొదటి వారం ఏమీ కనపడదు, విసుగొస్తది. రెండో వారానికి పాల క్యాన్ల అతను ఏ గుమ్మం ముందు ఎక్కువసేపు ఆగుతాడో తెలుస్తది, ఇస్త్రీ బండి ఆయన బొగ్గులు ఎప్పుడు రాజేస్తాడో తెలుస్తది, ఏ మేడ సందులో నుంచి ఎండ వచ్చి ఏ గోడ మీద పడుద్దో తెలుస్తది. ఇంక ఆ తర్వాత మీరు ఫొటో కోసం వెతకక్కర్లా, వచ్చే చోట ముందే నిలబడుంటారు.

వెలుతురు లెక్క ఒకటి చెప్పాలి, ఇది మన ప్రాంతానికే సరిపోయే లెక్క. సముద్రం మనకి తూర్పున ఉంది కాబట్టి నీళ్ళ మీద పొద్దు పొడవడం చూస్తాం, కుంకడం చూడం. నెల్లూరులో జనవరిలో సూర్యుడు ఆరున్నర దాటినాక గానీ రాడు, మే చివర్లో అయితే ఐదు నలభైకల్లా వచ్చేస్తాడు. వచ్చిన దగ్గర్నుంచి గంట, గంటంపావు మెత్తటి ఎండ, తర్వాత గబగబా పైకెక్కేస్తాడు. ఏప్రిల్ చివర్లోనూ ఆగస్టు నడుమా మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదుంటాడు, అప్పుడు బయట మనిషిని తీస్తే కళ్ళు రెండూ నల్లటి గుంతలయిపోతయి. అట్టాంటప్పుడు వాళ్ళని అరుగు మీదకో వేపచెట్టు కిందకో రమ్మనండి, ముఖం వీధి వైపు, వీపు ఇంటి వైపు. మట్టి నేల మీద నుంచి, ఎదురు గోడ మీద నుంచి కొట్టే వెలుతురే ముఖానికి చాలు, ఏ స్టూడియో లైటూ అంత చల్లగా ఉండదు.

3. మనుషుల్ని అడగడం

దీనికి తొందరపడొద్దు. ఫొటో తీయడం ఒక నిమిషం పని, అడగడానికి మాత్రం కొన్నిసార్లు నెల పడుద్ది, అయినా పర్లేదు.

మా వీధి చివర కట్టెల పొయ్యి మీద దోసెలు పోసే అవ్వ ఉంది. నేను ఆరు వారాలు దోసెలే తిన్నా, ఫోన్ బయటికి తీయలా. ఏడో వారం అడిగా, "అవ్వా, నువ్వు కారం పూసేటప్పుడు నీ చేతులు ఒక ఫొటో తీసుకుంటా" అని. "నా చేతుల్లో ఏముంది నాయనా, మసే గదా" అనింది, అని చెంగుతో చేతులు తుడుచుకోబోయింది. "అట్టానే ఉండనీ అవ్వా, తుడవబాక" అన్నా. నవ్వింది. ఆ తర్వాత ముఖం కూడా తీసుకోమని ఆమే చెప్పింది, నేనడగలా.

చేతులతో మొదలుపెట్టమని అందుకే చెప్తున్నా, చేతులు తీస్తానంటే ఎవరూ బెదరరు. తీసినాక అక్కడికక్కడే స్క్రీన్ చూపించండి. బాగాలేదు తీసేయమంటే వాళ్ళ కళ్ళ ముందే తీసేయండి, డిలీట్ అయినవి దాచే ఫోల్డర్‌లో నుంచి కూడా తీసి చూపించండి. పిల్లలైతే అమ్మనో నాయననో అడగకుండా వద్దు. స్నానాల రేవుల దగ్గర, ఆస్పత్రి వార్డుల్లో, ఏడుస్తున్న వాళ్ళ దగ్గర అసలు ఫోన్ ఎత్తొద్దు. పోర్టు, డ్యాము, రైల్వే యార్డు లాంటి చోట్ల కాపలా వాళ్ళ దగ్గర అనుమతి లేకుండా తీస్తే వాళ్ళకీ మీకూ ఇబ్బంది.

ఇంకొకటి, నేను చేసిన తప్పు. చానా ఏళ్ళ కింద చేపల మార్కెట్లో బేరం దగ్గర కోపంగా చెయ్యి విసురుతున్న ఒకామెని దూరం నుంచి తీసి, కింద నవ్వొచ్చే మాట ఒకటి రాసి పెట్టేశా. అందరూ బో బాగుంది అన్నారు. వారానికి ఆమె కొడుకు నన్ను వెతుక్కుంటా వచ్చాడు. గొడవ పడలా, "మా అమ్మ పొద్దున రెండింటికి లేచి పోతది అన్నా, నువ్వు చూసింది ఆ ఒక్క నిమిషమేనా" అన్నాడు. ఆ ఫొటో తీసేశా, ఆమె దగ్గరికి పోయి చెప్పుకున్నా. అప్పట్నుంచి నా లెక్క ఒకటే, ఆ మనిషి ముందర నిలబడి పైకి చదవలేని మాట ఏదీ ఫొటో కింద రాయను.

4. తీసేటప్పుడు

దోసెల అవ్వ ఫొటోనే తీసుకుని ఒక్కో అడుగూ చెప్తా, మిగతావన్నీ దీన్ని బట్టే.

ముందు ఎక్కడ నిలబడాలో చూసుకోవాలి. ఆవిరి కనపడాలంటే వెలుతురు ఆవిరి వెనక నుంచి రావాలి, వెనకాల నల్లగా ఏదో ఒకటి ఉండాలి. అవ్వ బండి తూర్పుకి తిరిగి ఉంటది, అందుకని నేను పడమట వైపుకి, అంటే ఆమె వెనక పక్కకి పోయి భుజం మీదుగా పెనం వైపు చూశా. ఇప్పుడు ఎండ నాకు ఎదురు, నడుమ ఆవిరి, దాని వెనక మసి పట్టిన రేకు గోడ నీడలో ఉంది. అంతే, తెల్లటి ఆవిరి విడిగా లేచి కనపడింది. ముందు పక్క నుంచి తీస్తే అదే ఆవిరి అసలు లేనట్టే ఉంటది.

రెండోది, వెలుతురు తాళం వేయడం. స్క్రీన్ మీద పెనం అంచు దగ్గర వేలు పెట్టి రెండు సెకన్లు అదిమి పట్టుకోండి, ఫోకసూ వెలుతురూ అక్కడే ఆగిపోతయి. పక్కన సూర్యుడి గుర్తు వస్తది, దాన్ని వేలితో కొద్దిగా కిందకి లాగండి. ఫోన్ తనంతట తను నీడల్ని కూడా తెల్లగా చేయాలని చూస్తది, మనకేమో మసి నల్లగా, కారం ఎర్రగా ఉండాలి. కిందకి లాగితేనే ఆ ఎరుపు నిలబడుద్ది.

మూడోది, మూడు దూరాలు. బండి మొత్తం, వీధితో సహా ఒకటి. నడుము నుంచి పైకి, అవ్వా పెనమూ ఒకటి. తర్వాత జానెడు దూరంలో, ఎర్రకారం ముద్ద దోసె మీద పెట్టి గరిటె వెనక వైపుతో గుండ్రంగా తిప్పేటప్పుడు ఆ వేళ్ళు. మూడూ కలిస్తేనే కథ వస్తది, ఒక్కోసారి చివరికి ఉంచేది ఒకటే అయినా మూడూ తీయండి.

నాలుగోది ఆగడం. కారం పూయడం ఒక చక్రం లాంటిది, పిండి పోసింది, తిప్పింది, నూనె చుట్టూ వేసింది, కారం పెట్టింది, పూసింది, మడిచింది. రెండు దోసెలు ఊరికే చూడండి, మూడో దోసెకి ఏ క్షణం బాగుంటదో మీకే తెలుస్తది. నాకు కనపడిందేందంటే, గరిటె తిప్పటం ఆపి పెనం అంచుకి ఒక్క దెబ్బ కొడతది అవ్వ, అంటుకున్న కారం రాలడానికి. ఆ దెబ్బకి ముందు చెయ్యి గాల్లో ఆగుద్ది. ఆ ఆగినప్పుడే.

షట్టర్ స్పీడ్, అంటే వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో మార్చే వీలుంటే ఈ లెక్క గుర్తుంచుకోండి, అంకెలన్నీ సెకనులో అన్నో వంతు. కూచుని పని చేసుకునే వాళ్ళకి 1/125, నడిచే వాళ్ళకి 1/250, పరిగెత్తే పిల్లలకి 1/500, వల విసిరే వాళ్ళకి 1/1000. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ, అంటే ఉన్న వెలుతురుని కెమెరా పెంచి చూపించే అంకె పెంచండి, కొంచెం గింజ గింజగా వచ్చినా కదిలిపోయిన ఫొటో కంటే నయం.

5. మన చోట్లలో ఏది ఎట్టా తీయాలి

రొట్టెల పండగ. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో లక్షల మంది దిగుతారు, పై నుంచి తీసిన జనం ఫొటోలు ఏటా వేలు వస్తయి. మీరు చేతుల దగ్గరికి పోండి. కోరిక తీరిన వాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్న వాళ్ళు తీసుకుంటారు, విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అని పిలుస్తా తిరుగుతుంటారు. ఒక రొట్టె చేతులు మారే చోట ఇద్దరి కథలున్నాయి చూడండి, ఇచ్చే వాళ్ళకి తీరిపోయింది, తీసుకునే వాళ్ళకి ఇంకా తీరాల్సుంది. ఫొటో అయినాక ఇద్దరినీ అడగండి, చాలామంది సంతోషంగా చెప్తారు, చెప్పకపోతే వదిలేయండి. ఫోన్‌కి మెడలో తాడు, పైన ప్లాస్టిక్ కవరు తప్పనిసరి, మోకాలి లోతు నీళ్ళలో జనం తోపులాటలో జారితే అంతే సంగతులు.

సముద్రం ఒడ్డు. మైపాడైనా, తుమ్మలపెంటైనా, పాకలైనా, పొద్దు పొడిచే ఫొటో ఒక్కటి తీసుకుని వెంటనే వెనక్కి తిరగండి. సూర్యుడి వెలుతురు పడేది మీ వెనక ఉన్న వాళ్ళ ముఖాల మీద, వలలో నుంచి చేపలు విడదీసే ఆడవాళ్ళు, పడవ లాగే వాళ్ళు, బుట్టల దగ్గర కాకులు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల వేట ఆపేస్తారు, ఆ 61 రోజులూ ఒడ్డున ఇంకో రకం బతుకు కనపడుద్ది, వలలు బాగుచేసుకోవడం, పడవలకి రంగులేసుకోవడం, ఖాళీగా కూచుని మాట్లాడుకోవడం. మాట్లాడే తీరిక వాళ్ళకి దొరికేది అప్పుడే, అందుకే నేను ఆ రెండు నెలలే ఎక్కువ పోతా.

పొగాకు బ్యారన్లు. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు చలికాలంలో బ్యారన్లు, అంటే పొగాకుని వేడితో ఆరబెట్టే గదులు మండుతుంటయి, ఆకు కోసుకొచ్చి, కర్రలకి కట్టి, లోపల వరసలు వరసలుగా వేలాడదీసి వేడి పెడతారు, పచ్చాకు పసుప్పచ్చగా మారుద్ది. ఇక్కడ ఫోన్ మనల్ని మోసం చేస్తది. ఫ్రేమంతా పసుపు రంగుంటే అది వెలుతురు తప్పనుకుని ఆ పసుపుని తగ్గించేస్తది, బంగారం లాంటి ఆకు బూడిద రంగులోకి పోతది. అన్నీ మన చేత్తో మార్చుకునే ప్రో మోడ్‌లోకి పోయి వైట్ బ్యాలెన్స్‌ని, అంటే రంగుల్ని సరిచేసే లెక్కని, ఆటోలో నుంచి తీసి ఎండ గుర్తు దగ్గర పెట్టండి, అంకెల్లో అయితే 5500 కెల్విన్ అటూ ఇటూ. ఆరుబయట ఆకు కట్టే ఆడవాళ్ళని తీసేటప్పుడు వాళ్ళ కూలి లెక్క కర్రల మీద ఉండొచ్చు, పని ఆపి ఇటు చూడమని అడగొద్దు, మీరే వాళ్ళ వేగానికి సర్దుకోండి.

ఒంగోలు గిత్తలు. దీనికి మోకాళ్ళ మీద కూచోవాలి. నిలబడి తీస్తే అంత పెద్ద గిత్త కూడా దూడలా కనపడుద్ది, దాని కంటి ఎత్తు కంటే కిందకి పోతే మూపురం ఆకాశంలోకి లేస్తది. పక్క నుంచి తీయండి, యజమానిని తాడు పట్టుకుని ఉండమనండి, వెనక వైపు నిలబడొద్దు. ఈ జాతిని సముద్రాలు దాటించి బ్రెజిల్ తీసుకుపోతే అక్కడ నెల్లూరు పేరు మీదుగా నెలోరె అని పిలుచుకుంటున్నారు, ఇప్పుడు ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ ఆ రకమే. ఫొటో కింద ఆ ముక్క రాస్తే పిల్లలు ఆగి చదువుతారు.

రొయ్యల గుంటల దగ్గర నీళ్ళు చిమ్మే చక్రాలు తిరుగుతుంటయి, 1/1000 పెడితే చుక్కలు విడివిడిగా ఆగుతయి, ఫోన్ స్టాండ్ మీద పెట్టి 1/15 పెడితే దూది లాగా సాగుతయి, రెండూ తీసి చూసుకోండి. చీమకుర్తి క్వారీల్లోకి మాత్రం తెలిసిన వాళ్ళు లేకుండా పోవద్దు. బయట కోసిన పలకల మీద గెలాక్సీ గ్రానైట్ మెరుపు చుక్కలు తీయాలంటే వాలు ఎండలో పక్క నుంచి, నడినెత్తి ఎండలో కనపడవు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులకి ఫోన్ సరిపోదు, కళ్ళతో చూసి రండి, గూళ్ళ దగ్గరికి పోయి వాటిని లేపబాకండి.

6. ఆ రాత్రే రాయండి

అసలు సంగతి ఇదే. ఫొటో ఎక్కడికీ పోదు, సంగతే పోతది. రెండు రోజులకి మాటలు మర్చిపోతాం, నెలకి పేరు మర్చిపోతాం, ఏడాదికి ఊరే మర్చిపోతాం.

ఒక మామూలు నోటు పుస్తకం తీసుకోండి, ఫోన్‌లో రాసినా సరే. ఫొటోకి ఐదు విషయాలు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. నాలుగోది, ఫ్రేము బయట ఏముంది, అంటే వాసన, చప్పుడు, పక్కన ఎవరున్నారు, కాసేపటికి ముందు ఏం జరిగింది. ఐదోది, వాళ్ళన్న మాట ఒకటి, అన్నది అన్నట్టు. వాళ్ళు "యాడికి పోతుండావు" అంటే అట్టానే రాయండి, పుస్తకం భాషలోకి మార్చొద్దు, ఆ యాసే ఆ మనిషి.

చాలామంది రాసే తీరు ఇట్టా ఉంటది: "శ్రమకి నిలువెత్తు రూపం ఈ అవ్వ, ఈ వయసులోనూ అలుపెరగని పోరాటం." ఇది ఏ ఊరి ఏ అవ్వకైనా అంటించొచ్చు, ఇందులో మా దోసెల అవ్వ లేదు. నేను రాసుకున్నది చూడండి:

"12 జనవరి 2025, ఆదివారం, పొద్దున 6:50. మా వీధి చివర. ముందురోజు రాత్రి మంచుకి కట్టెలు తడిసి పొయ్యి అంటుకోలా, పాత పుస్తకం కాగితాలు చించి వేసింది. పొగకి కళ్ళల్లో నీళ్ళు. ఎదురింట్లో భోగికి రేపు కావాలని పిల్లలు పాత కుర్చీ కాళ్ళు విరగ్గొడతా ఉండారు, ఆ చప్పుడు. మొదటి దోసె పెనానికి అంటుకుపోయింది, దాన్ని గీకి కాకికేసింది. నాతో అన్నది: మొదటిది ఎప్పుడూ కాకిదే నాయనా, అది తిన్నాకే మనకి సరిగ్గా వస్తది."

గొప్ప మాటలు ఒక్కటి లేదు గదా. కానీ ఇది చదివి ఆ ఫొటో చూస్తే ఆవిరి పక్కన పొగ కూడా కనపడుద్ది. పొగడ్త మాట రాయబోతున్నప్పుడల్లా ఆపి, దాని స్థానంలో కంట్లో పడ్డ వస్తువొకటి రాయండి, అలవాటైపోద్ది. రాయడానికి బద్ధకమైతే ఇంటికి నడిచొచ్చేటప్పుడే ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసుకోండి, నిమిషం చాలు.

ఫైల్‌కి పేరు కూడా అప్పుడే మార్చండి, ముందు సంవత్సరం, నెల, రోజు, తర్వాత చోటు, తర్వాత ఒక మాట. 2025-01-12-మావీధి-కారందోసె, ఇట్టా. ఏళ్ళ తర్వాత కూడా వరస తప్పకుండా ఉంటయి. ఫొటోల యాప్ లోపల రాసిన వివరణ మీద నమ్మకం పెట్టుకోబాకండి, ఫైల్ ఇంకో చోటికి పోయినప్పుడు అది దాంతో రాకపోవచ్చు.

7. ఏరుకోవడం, దిద్దుకోవడం

నలభై తీస్తే ఒకటి ఉంచండి. ఆ రోజే ఏరొద్దు, వారం ఆగండి, అప్పటికి తీసిన కష్టం మర్చిపోయి ఫొటో ఒక్కటే కనపడుద్ది. రెండు మధ్య తేల్చుకోలేకపోతే ఇంట్లో వాళ్ళకి చూపించి ఏమీ చెప్పకుండా వాళ్ళ కళ్ళు ముందు ఎక్కడ ఆగాయో చూడండి.

దిద్దడం అంటే వంకర సరిచేయడం, అనవసరమైన అంచు కత్తిరించడం, వెలుతురు కొంచెం అటూ ఇటూ చేయడం, అంతవరకే. రంగులు పెంచే మీట ముట్టుకోకండి. ముఖ్యంగా మనుషుల ఒంటి రంగు తెల్లగా చేయొద్దు, ఎండలో పని చేసే వాళ్ళు నల్లగానే ఉంటారు, ఆ నలుపుని తెల్లగా చేసి చూపించడమంటే వాళ్ళు బాగాలేరని మనం చెప్పినట్టే. కరెంటు తీగ అడ్డంగా ఉంటే ఉండనీయండి, ఆ వీధిలో ఆ తీగ ఉంది.

8. నలుగురికీ చూపించేటప్పుడు

రోజుకి ఒకటి, దాంతో పాటు దాని సంగతి. ఇరవై ఫొటోలు ఒకేసారి పెడితే ఎవరూ ఒక్కటీ చూడరు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించేసి పోతది, ప్రింటుకి పనికిరాదు. డాక్యుమెంట్‌గా పంపితే పూర్తి సైజు పోతది, కానీ అప్పుడు ఫొటోలో దాగున్న లొకేషన్ కూడా దాంతో పాటే పోతది, ఇది చాలామందికి తెలీదు. ఎవరి ఇంట్లోనో, ఒంటరిగా ఉండే వాళ్ళ దగ్గరో తీసినవి పంపేముందు లొకేషన్ తీసేయండి. మనిషి పేరు రాయాలంటే వాళ్ళనడిగి రాయండి, మీ పుస్తకంలో పూర్తి పేరు, బయటికి మాత్రం వాళ్ళు ఒప్పుకున్నంత.

ఎవరన్నా ఫొటో చూపించినప్పుడు సూపర్ అని వదిలేయకుండా మీకేం కనపడిందో ఒక ముక్క చెప్పండి. "వెనకాల కిటికీలో పాప తొంగి చూస్తుంది, గమనించారా" అంటే తీసిన వాళ్ళకి ఆ రోజంతా ఆనందం.

9. దాచుకోవడం

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కోవూరు వైపు మా బంధువుల ఇంట్లోకి నీళ్ళొచ్చినయి. బియ్యం పోయినందుకు కంటే పెళ్ళి ఆల్బమ్ తడిసినందుకు మా పిన్ని ఎక్కువ ఏడ్చింది. ఒకదానికొకటి అంటుకున్న ఫొటోల్ని పొడిగా లాగేశారు, ముఖాలు అవతలి కాగితానికి అంటుకుని వచ్చేశాయి. అట్టా ఎప్పుడూ లాగొద్దు. శుభ్రమైన చల్లటి నీళ్ళు పళ్ళెంలో పోసి ఫొటోలు అందులో ఉంచండి, కాసేపటికి మెల్లగా వాటంతటవే విడిపోయేవి విడిపోతయి, బురద వేలితో రుద్దకుండా నీళ్ళు మార్చుకుంటా కడగండి. బొమ్మ పైకి ఉండేటట్టు బట్ట మీద పరిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే ముడుచుకుపోతయి. అప్పటికప్పుడు చేయలేకపోతే ఒక్కోదాని మధ్య వెన్నకాగితం పెట్టి కవర్లో చుట్టి ఫ్రిజ్ పై అరలో, గడ్డ కట్టే చోట పెట్టుకోండి, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఫోన్‌లో ఉన్నవి కూడా ఒకచోటే ఉంటే లేనట్టే. హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, ఇంకో ఊళ్ళో ఉన్న అక్క ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఒక కాపీ. నెల మొదటి ఆదివారం ఆ పని పెట్టుకోండి. నోటు పుస్తకం పేజీలు కూడా ఫొటో తీసి అందులోనే వేయండి.

10. ప్రింట్ వేసి తిరిగి ఇవ్వండి

తీసిన ప్రతి మనిషికీ ఒక 4×6 ప్రింట్. అయ్యే ఖర్చు రెండు దోసెలంత కూడా ఉండదు. స్టూడియోలో ఇచ్చేటప్పుడు పూర్తి సైజు ఫైలే ఇవ్వండి, రంగులు మార్చొద్దని చెప్పండి, మెరిసే కాగితం కంటే మ్యాట్ కాగితం మేలు, చేతి జిడ్డు కనపడదు.

దోసెల అవ్వకి కవర్లో పెట్టి తీసుకుపోయి ఇచ్చా. చేతులు తుడుచుకుని, అంచులు పట్టుకుని చూసింది, కారం గరిటె చూసింది, కాకిని చూసి నవ్వింది. తర్వాత తిప్పి వెనక చూసింది. "ఏం రాయలేదే" అనింది. "నీ ఫొటోనే గదా అవ్వా, నీకు తెలుసు గదా" అన్నా. "నాకు తెలుసులేబ్బా, నా మనవడి పిల్లలకి ఎట్టా తెలుస్తది, రాయి" అని పొయ్యి పక్కన పాలలెక్క రాసుకునే పెన్సిలు తీసిచ్చింది.

పెన్సిలే మంచిది. బాల్‌పెన్ను అదిమితే ముందు వైపు గీత తేలుద్ది, స్కెచ్ పెన్ను పక్క ఫొటోకి అంటుద్ది. గట్టి బల్ల మీద బొమ్మ కిందకి పెట్టి, మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా, అంచు దగ్గర చిన్నగా రాయాలి. ప్లాస్టిక్ పూత కాగితం అయితే పెన్సిల్ నిలవదు, అప్పుడు చిన్న కాగితం ముక్క మీద రాసి ఫొటోతో పాటు కవర్లో పెట్టండి. ఆమె చెప్తుంటే నేను రాశా, ముందు పేరు, తర్వాత ఇంటిపేరు, పుట్టిన ఊరు, ఆ తర్వాత ఆమె కాసేపు ఆలోచించి ఇంకో మాట చెప్పింది. "ఇది తీసిందెవరో కూడా రాయి" అనింది.